ముద్దు తగ్గించొద్దు... ముద్ద తగ్గించండి!

'మా టామీ భలే బొద్దుగా ఉంటుందండీ!'

ఈ మాట చెప్పేటప్పుడు ఏ ఇల్లాలి ముఖమైనా కాస్త వెలిగిపోతుంది. ఎందుకు వెలగదు? బాగా పెట్టే ఇల్లని దానర్థం కదా! పిల్లాడు బొద్దుగా ఉంటే తల్లి చేతి చలవంటారు. కుక్క బొద్దుగా ఉంటే ఆ ఇంటి చేతి చలవంటారు. వచ్చిన చుట్టాలు కూడా 'ఏం పెడుతున్నారేమిటి, ఎలుగుబంటి పిల్లలా ఉంది!' అని మెచ్చుకుంటారు.

కానీ ఆ బొద్దు కుక్క నాలుగు మెట్లెక్కేసరికి ఎందుకు రొప్పుతోందో ఎప్పుడైనా గమనించారా? ఒకప్పుడు గేటు చప్పుడైతే చాలు, ఉరుక్కుంటూ వచ్చేది. ఇప్పుడు పడుకున్న చోటి నుంచే రెండుసార్లు తోక ఊపి ఊరుకుంటోంది. 'వయసైపోతోంది పాపం' అనుకుంటాం. అయిదేళ్ళ కుక్కకి అప్పుడే వయసేమిటండీ? చాలా ఇళ్ళల్లో అది వయసు కాదు, బరువు!

ఒక్క సంగతి ఆలోచించండి. కుక్క ఫ్రిజ్ తలుపు తీసుకోలేదు. బిస్కెట్ల డబ్బా మూత తిప్పలేదు. వీధి చివర కొట్టుకెళ్ళి మిక్చర్ పొట్లం కొనుక్కోలేదు. దాని ఒంట్లో చేరిన ప్రతి కిలో మన ఇంట్లో ఎవరో ఒకరి చేతి మీదుగా వెళ్ళిందే. అంటే తగ్గించడం కూడా మన చేతుల్లోనే ఉంది. డైటింగ్ చేయాల్సింది కుక్కే అయినా, నోరు కట్టుకోవాల్సిన పని దానికి లేదు. చేయి కట్టుకోవాల్సింది మనం!

కాస్త ఒళ్ళు చేస్తే ఏమవుతుంది?

అమెరికాలో కుక్కల ఆహారం తయారుచేసే ప్యూరినా కంపెనీ 1987లో ఒక పరిశీలన మొదలుపెట్టింది. 48 లాబ్రడార్ పిల్లల్ని తీసుకుని, ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలు జంటలుగా చేశారు. ప్రతి జంటలో ఒకదానికి మామూలుగా పెట్టారు. రెండోదానికి, మొదటిది తిన్నదాంట్లో పాతిక శాతం తగ్గించి పెట్టారు. తిండి అదే. కొలతే తేడా. దాదాపు పద్నాలుగేళ్ళు ఓపిగ్గా లెక్కలు రాసుకున్నారు. 2002లో ఫలితాలు బయటికొచ్చాయి. మామూలుగా తిన్న కుక్కల ఆయుర్దాయం మధ్యస్థంగా 11.2 ఏళ్ళు. తగ్గించి తిన్నవాటిది 13 ఏళ్ళు. దగ్గర దగ్గర రెండేళ్ళు ఎక్కువ! అంతేకాదు, కీళ్ళ జబ్బులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి.

ఇందులో ఇంకో విశేషముంది. మామూలుగా తిన్న ఆ కుక్కలు మరీ అంత లావేమీ కాదు. 'కాస్త ఒళ్ళు చేసింది' అంటామే, అంతే! ఆ 'కాస్త' ఖరీదే రెండేళ్ళు.

ఆ తర్వాత 50 వేలకు పైగా పెంపుడు కుక్కల వివరాలు పరిశీలించిన మరో అధ్యయనం 2018 చివర్లో వెలువడింది. 12 జాతుల్ని చూశారు. అన్నిట్లోనూ లావుగా ఉన్న కుక్కలు ముందుగానే వెళ్ళిపోతున్నాయని తేలింది. జాతిని బట్టి ఆ తేడా 5 నెలల నుంచి రెండున్నరేళ్ళ దాకా ఉంది. చిత్రంగా, ఎక్కువ నష్టపోయింది పెద్ద కుక్కలు కాదు, ఒళ్ళో పట్టేంత చిన్న జాతి అయిన యార్క్‌షైర్ టెర్రియర్లు.

ఆయుష్షు మాట అలా ఉంచినా, బతికినన్నాళ్ళూ సుఖంగా ఉండొద్దూ? బరువెక్కిన కుక్కకు మోకాళ్ళలోని నరంలాంటి కట్టు తెగే ప్రమాదం ఎక్కువ. కీళ్ళు అరిగిపోతాయి. ఊపిరి అందదు. ఎండ తట్టుకోలేదు. ఏదైనా ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడాల్సి వస్తుంది. కుక్కకు నొప్పి వచ్చినా 'నా మోకాలు లాగుతోందమ్మా' అని చెప్పలేదు. ఆడుకోవడం మానేస్తుంది, అంతే. మనమేమో 'బుద్ధిమంతురాలైంది' అనుకుంటాం!

మీ చేతులే చెబుతాయి

మన కుక్క లావా, కాదా అని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మూడు పరీక్షలు చాలు.

మొదటిది పక్కటెముకల పరీక్ష. రెండు చేతులూ దాని పక్కల మీద ఆనించి తేలిగ్గా నిమరండి. గట్టిగా నొక్కకుండానే ఎముకలు వేళ్ళకు తగలాలి. ఎలా తగలాలో తెలియాలంటే మీ చేతినే చూసుకోండి. పిడికిలి బిగించి కణుపుల మీద వేళ్ళు రాయండి. పక్కటెముకలు అలా తగిలితే కుక్క బక్కచిక్కినట్టు. చెయ్యి చాపి వెనకవైపు రాయండి. అలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. ఇప్పుడు అరచేతి మెత్తని భాగం మీద రాయండి. అలా ఉంటే మాత్రం లావెక్కినట్టే!

రెండోది నడుము పరీక్ష. కుక్క నిలబడి ఉండగా పైనుంచి చూడండి. పక్కటెముకలు అయిపోయిన చోట నడుము కాస్త లోపలికి నొక్కుకుపోయి కనిపించాలి. తిన్నగా బల్లలా ఉన్నా, పీపాలా ఉబ్బి ఉన్నా బరువు ఎక్కువైందని అర్థం.

మూడోది పక్కనుంచి చూడటం. పొట్ట ఛాతీకంటే కాస్త పైకి లాగినట్టు ఉండాలి. కిందికి వేలాడకూడదు.

బాగా బొచ్చున్న కుక్కల విషయంలో కళ్ళను నమ్మకండి. మన ఇళ్ళల్లో 'పామరేనియన్' అని పిలుచుకునే స్పిట్జ్ కుక్కకు బొచ్చు కింద ఎంత కొవ్వుందో చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. స్నానం చేయించి ఒళ్ళు తడిసినప్పుడు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

డాక్టర్లు ఇదే పరీక్షకు 1 నుంచి 9 దాకా అంకెలు వేస్తారు. 4, 5 వస్తే భేష్. ఆపైన ప్రతి అంకెకూ సుమారు పది శాతం బరువు ఎక్కువున్నట్టు లెక్క. ఈసారి వెళ్ళినప్పుడు 'మా కుక్క ఎన్నో అంకెలో ఉంది డాక్టరుగారూ?' అని అడగండి. కచ్చితంగా చెబుతారు.

ముందు డాక్టరుకు చూపించండి

రేపటి నుంచే తిండి తగ్గించేద్దామని తొందరపడకండి. కొన్ని కుక్కలు తిండి వల్ల కాక జబ్బు వల్ల లావెక్కుతాయి. థైరాయిడ్ తగ్గిన కుక్క మందకొడిగా ఉంటుంది, బొచ్చు పలచబడుతుంది, వెచ్చటి చోటు వెతుక్కుంటుంది. కుషింగ్స్ అనే జబ్బుంటే నీళ్ళు తెగ తాగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, పొట్ట కుండలా వేలాడుతుంది. దురదలకు వాడే స్టెరాయిడ్ మాత్రలు, మూర్ఛకు వాడే కొన్ని మందులు కూడా ఆకలిని పెంచుతాయి. పొట్టలో నీరు చేరినా 'లావైంది' అనిపిస్తుంది. ఇవేమీ లేవని డాక్టరు చెప్పాకే తిండి సంగతి. అలాగని ఇప్పటికే వాడుతున్న మందుల్ని మీ అంతట మీరు ఆపేయకండి.

ఖర్చుకు వెనకాడేవాళ్ళు ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళొచ్చు. హైదరాబాదులో రాజేంద్రనగర్, కృష్ణా జిల్లాలో గన్నవరం, ఇంకా తిరుపతి, ఈ మూడు చోట్లా పశువైద్య కళాశాలలున్నాయి. వాటి ఆస్పత్రుల్లో పెంపుడు కుక్కల్నీ చూస్తారు.

అక్కడే బరువు కూడా తూయించి రాసుకోండి. ఇంట్లో తూయాలంటే చిన్న కుక్కనైతే ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కండి. తర్వాత మీరొక్కరే ఎక్కండి. తీసేస్తే కుక్క బరువు. పెద్ద కుక్కయితే ఆస్పత్రిలోనే తూయించాలి. బియ్యం కొట్టు కాటా ఖాళీగా ఉన్నప్పుడు అడిగినా ఎవరూ కాదనరు!

లెక్క ఎక్కడ తప్పుతోంది?

'మా కుక్క రెండు పూటలే తింటుందండీ, అదీ గుప్పెడన్నం. అయినా ఎందుకు లావవుతోందో!' అని చాలామంది ఆశ్చర్యపోతారు. అబద్ధమేం కాదు. గిన్నెలో పెట్టేది గుప్పెడే. గిన్నె బయట పెట్టేదానికే లెక్క లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. కుక్క ఎంత బరువుండాలో ఆ అంకెను 30తో గుణించి, 70 కలపండి. సన్నబడాల్సిన కుక్కకు రోజుకు సుమారు అన్ని కేలరీలు చాలు. 30 కిలోలుండాల్సిన లాబ్రడార్‌కు 970 కేలరీలు. 8 కిలోలుండాల్సిన స్పిట్జ్‌కు 310 కేలరీలు. ఇది మొదలుపెట్టడానికి ఉజ్జాయింపు లెక్క మాత్రమే. మీ కుక్కకు సరిపడే అంకె డాక్టరు చెబుతారు.

ఇప్పుడు ఇల్లంతా కలిసి ఏం పెడుతోందో చూద్దాం. మామగారు పొద్దున కాఫీతో పాటు రెండు మేరీ బిస్కెట్లు పడేస్తారు. సాయంత్రం టీకి ఇంకో రెండు. బడినుంచొచ్చిన పిల్లలు తలో ఒకటి. ఒక్కో బిస్కెట్ సుమారు 25 కేలరీలు. ఆరు బిస్కెట్లకు 150. పొద్దున పిల్లాడు వదిలేసిన బ్రెడ్డు ముక్క 70. పెరుగన్నంలో అత్తగారు వేసే రెండు చెంచాల నెయ్యి 90. రాత్రి శ్రీవారు టీవీ చూస్తూ తుంచి పెట్టే చపాతీ 100. మొత్తం 410!

ఇదంతా భోజనం కాదు, చిరుతిండే. లాబ్రడార్‌కైతే రోజుకు చాలినదాంట్లో నలభై శాతం పైనే అయిపోయింది. అదే స్పిట్జ్ అయితే రోజంతటి తిండీ దాటిపోయి ఇంకా వంద కేలరీలు మిగిలాయి. ఇక దాని అన్నం గిన్నె మాటేమిటి?

ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి ఒక్కరూ పెట్టింది 'ఒక్క ముక్కే'. కాకపోతే ఆ చిన్న పొట్టకు మన ఒక్క ముక్క చిన్నది కాదు. స్పిట్జ్ ఒక బిస్కెట్ తిందంటే, మనం భోజనం మీద ఒకటిన్నర చపాతీ అదనంగా తిన్నట్టు!

రోజంతటికీ ఒకే డబ్బా

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్ళను 'ఎవరూ ఏమీ పెట్టకండి' అని శాసిస్తే పని జరగదు. పెద్దవాళ్ళకు మనసు నొచ్చుకుంటుంది. 'నోరులేని జీవాన్ని మాడుస్తున్నావే తల్లీ' అంటారు. పిల్లలు బల్ల కింద నుంచి దొంగతనంగా పెడతారు. అసలు కుక్కకు చేత్తో పెట్టడంలో ఉన్న ఆనందాన్ని ఎవరినీ వదులుకోమనడం న్యాయం కూడా కాదు.

దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది. రోజూ పొద్దున్నే కుక్కకు ఆ రోజు పెట్టాల్సిన మొత్తం తిండి కొలిచి ఒక డబ్బాలో వేయండి. డ్రై ఫుడ్ అయితే గ్లాసుతో కాకుండా, వంటింటి త్రాసుతో గ్రాముల్లో తూచండి. గ్లాసు కొలత చేతి చేతికీ మారిపోతుంది. ఇక నియమం ఒక్కటే. ఎవరు ఎప్పుడు పెట్టాలనుకున్నా ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి. మామగారు కాఫీ వేళ నాలుగు గింజలు పెట్టొచ్చు. పిల్లలు ఆటలో బహుమతిగా పెట్టొచ్చు. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు తిండి అయిపోయినట్టు!

ఇంట్లో వండిందే పెట్టేవాళ్ళు అన్నం, కూర, గుడ్డు అన్నీ అలాగే కొలిచి, మూత గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. పూట పూటకూ తీసి, చల్లదనం పోయాక పెట్టాలి. చేత్తో పెట్టడానికి క్యారెట్ ముక్కలో, కీరదోస ముక్కలో పక్కన ఉంచుకోండి.

చిరుతిళ్ళు, బహుమతులు అన్నీ కలిపి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే సూత్రం. స్పిట్జ్‌కు 31 కేలరీలన్నమాట. ఒక్క బిస్కెట్‌తో సరి.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, ఎవరేం పెట్టారో రాయమని పిల్లలకు అప్పజెప్పండి. కాపలా పని వాళ్ళకిస్తే దొంగతనాలు వాటంతటవే ఆగిపోతాయి! పనమ్మాయికి, వాచ్‌మన్‌కి, గోడవతల పిన్నిగారికి కూడా ఒక మాట చెప్పాలి. 'డాక్టరుగారు వద్దన్నారు' అంటే చాలు. మన మాట వినకపోయినా డాక్టరు మాట వింటారు.

గిన్నెలో ఏం మారాలి?

ఉత్త పెరుగన్నంతో పెరిగే కుక్కకు పిండిపదార్థం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ అవుతాయి. అందులోనే ఇంకా తగ్గించి పెడితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. అందుకని తగ్గించాల్సింది అన్నం, నెయ్యి, నూనె. ఉండాల్సింది ఎముకలు తీసిన ఉడికించిన కోడిమాంసం, చేప, గుడ్డు. వందగ్రాముల అన్నానికి సుమారు 130 కేలరీలు, ఒక గుడ్డుకు 70 పైచిలుకు అని గుర్తుంటే లెక్క తేలిక.

కడుపు నిండినట్టుండటానికి సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ, బీన్స్, క్యారెట్ ఉప్పూకారం లేకుండా ఉడికించి కలపండి. సొరకాయను ముందు మీరు కొరికి చూడండి. చేదుగా ఉంటే పారేయండి. చేదు సొరకాయ మనుషులకే విషం.

ఇంటి వంటకు కాల్షియం, విటమిన్లు వేరుగా కలపాల్సి రావచ్చు. ఎంత కలపాలో డాక్టరునే అడగండి. కొనే ఆహారమైతే బరువు తగ్గడానికని ప్రత్యేకంగా తయారుచేసినవి దొరుకుతాయి. మామూలు ఆహారాన్నే సగానికి సగం కోసేస్తే పోషకాలు కూడా సగమే అందుతాయి. అందుకే ఆ రకం మేలు. ఏదైనా ఒక్కరోజులో మార్చకండి, విరేచనాలు పట్టుకుంటాయి. వారం రోజుల్లో పాతది కొంచెం కొంచెం తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ రావాలి.

రోజు తిండిని రెండుసార్లు కాక మూడు, నాలుగుసార్లుగా పెడితే అడుక్కోవడం తగ్గుతుంది. గబగబా మింగేసే కుక్కకు తిండిని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి పెట్టండి. డ్రై ఫుడ్‌ను పాత తువ్వాలులో చుట్టి ఇచ్చినా, గదిలో అక్కడక్కడా దాచినా వెతుక్కుని తినడానికి పావుగంట పడుతుంది. తిండీ అయింది, ఆటా అయింది!

ఈ సందర్భంలోనే పండగల మాట కూడా చెప్పుకోవాలి. పాయసంలోని కిస్‌మిస్‌లు, ద్రాక్షపళ్ళు కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాలను నాశనం చేస్తాయి. అంటే పకోడీ, సాంబారు, బిర్యానీ ఏవీ పనికిరావు. చాక్లెట్ విషం. షుగర్ లేని మిఠాయిల్లో, చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ ఇంకా పెద్ద విషం. వండిన కోడి ఎముకలు లోపల గుచ్చుకుంటాయి. ఇవి లావు కుక్కకే కాదు, ఏ కుక్కకూ పెట్టకూడదు.

నడక మెల్లగా పెంచాలి

తిండి తగ్గించడం ముఖ్యం. నడక దానికి తోడు. ఎంత నడిపినా తిండి తగ్గకపోతే బరువు తగ్గదు. అలాగని నడక మానేస్తే కండ నిలబడదు.

ఇన్నాళ్ళూ కదలని కుక్కను ఒక్కసారిగా మైలు దూరం లాక్కెళ్ళకండి. మొదటి వారం పది నిమిషాలు, రెండుపూటలా. తర్వాత వారానికో అయిదు నిమిషాలు పెంచండి. మధ్యలో ఆగిపోయినా, విపరీతంగా రొప్పినా, కుంటినా అక్కడితో ఆపేయాలి.

మన ఎండల్లో వేళ చూసుకోవడం చాలా అవసరం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికి ఒంటి వేడి తగ్గించుకునే దారి. కొవ్వు పట్టిన కుక్కకు ఆ దారి కూడా కష్టమే. అందుకని వేసవిలో పొద్దున ఆరింటి లోపు, రాత్రి ఎనిమిది తర్వాతే బయటికి తీసుకెళ్ళండి. రోడ్డు మీద మీ అరచేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీ చేయి తట్టుకోలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు.

ఫ్లాట్లలో ఉండేవాళ్ళు వరండాలో బంతి దొర్లించి ఆడించొచ్చు. నున్నటి గ్రానైటు, టైల్స్ మీద బరువైన కుక్క కాళ్ళు జారి మోకాళ్ళు దెబ్బతింటాయి. నడిచే దారిలో పాత జంపఖానాయో, గోనెపట్టాయో పరవండి. మెట్లు, సోఫా మీంచి దూకడాలు తగ్గించండి. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము ఉండే డాషండ్‌కైతే ఇది మరీ ముఖ్యం. దాని వెన్నుపూస సున్నితం.

జాతిని బట్టి జాగ్రత్త

లాబ్రడార్ ఎంత పెట్టినా ఇంకా కావాలంటుందని దాన్ని పెంచేవాళ్ళంతా అంటారు. నిజమే, అందులో దాని తప్పు లేదు. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లాబ్రడార్లలో ఒక జన్యులోపాన్ని కనిపెట్టారు. నాలుగింట సుమారు ఒకదానికి ఆ లోపముంది. అదే బృందం 2024లో ఇంకో సంగతి చెప్పింది. ఆ లోపమున్న కుక్కలకు ఒక భోజనానికీ ఇంకో భోజనానికీ మధ్య ఆకలి ఎక్కువ. పైగా ఊరికే ఉన్నప్పుడు వాటి ఒంట్లో ఖర్చయ్యే శక్తి పాతిక శాతం దాకా తక్కువ. కాబట్టి లాబ్రడార్ కళ్ళల్లో ఆకలి కనిపించినంత మాత్రాన అది పస్తున్నట్టు కాదు. తిండి విడతలు పెంచండి, మొత్తం పెంచకండి.

2003లో వచ్చిన హచ్ ఫోన్ల ప్రకటనతో పగ్ కుక్క మన ఊళ్ళల్లో కూడా ముద్దుబిడ్డ అయిపోయింది. దాని చప్పిడి ముక్కులో గాలి ఆడటమే కష్టం. దానికి కొవ్వు కూడా తోడైతే వేసవి గండమే. స్పిట్జ్, పామరేనియన్ లాంటి చిన్న కుక్కల్లో గాలిగొట్టం బలహీనంగా ఉండే అవకాశముంది. బరువు పెరిగితే దగ్గు ముదురుతుంది. వీటికి మెడ పట్టీ కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి.

మన ఊరకుక్కలు లావు కావనుకోకండి. వీధిలో తిరిగేటప్పుడు సన్నగా ఉన్నా, ఇంట్లోకి తెచ్చుకుని పెరుగన్నం, నెయ్యి అలవాటు చేస్తే ఏడాదిలో అవీ పీపాలవుతాయి.

తరచూ వచ్చే సందేహాలు

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే లావవుతుందా?
ఆపరేషన్ తర్వాత ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. కాబట్టి పాత కొలతే పెడితే లావవుతుంది. అందుకని ఆపరేషన్ మానక్కర్లేదు. ఆ నెల నుంచే డాక్టరును అడిగి కొలత తగ్గిస్తే సరిపోతుంది.

మేం శాకాహారులం. ఎలా?
గుడ్డు పెట్టడానికి అభ్యంతరం లేకపోతే సమస్య సగం తీరినట్టే. అదీ కుదరదంటే పనీర్, మెత్తగా ఉడికిన పప్పు, వెన్న తీసిన పెరుగు ఉన్నాయి. కానీ లోటు లేకుండా ఎంతెంత కలపాలో డాక్టరు చేత రాయించుకోండి.

వారానికి రెండు రోజులు పస్తు పెడితే త్వరగా తగ్గదా?
వద్దు. ఆకలితో చెత్తబుట్ట వెతుకుతుంది, మర్నాడు రెట్టింపు తింటుంది. మనుషులు సన్నబడటానికి వాడే మాత్రలు, పొడులు కూడా పెట్టకూడదు.

ఆరునెలల పిల్ల బొద్దుగా ఉంది. దానికీ తగ్గించాలా?
ఎదిగే పిల్లకు మీ అంతట మీరు తిండి కోయకండి. బిస్కెట్లు, నెయ్యి మానేసి డాక్టరుకు చూపించండి. సూడి కుక్కకు, పాలిచ్చే తల్లికి కూడా డైటింగ్ పనికిరాదు.

మా పిల్లి కూడా లావే. ఇదే పద్ధతా?
కాదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికొస్తుంది. దానికి డాక్టరు సలహా లేకుండా ఏమీ చేయకూడదు.

తొందర పనికిరాదు

వారానికి ఒంటి బరువులో ఒకటి, రెండు శాతం తగ్గితే చాలు. 38 కిలోల లాబ్రడార్‌కు 400 నుంచి 750 గ్రాములన్నమాట. అది 30 కిలోలకు రావాలంటే నాలుగైదు నెలలు ఎలాగూ పడుతుంది. రెండు వారాలకోసారి ఒకే కాటా మీద, ఒకే వేళకు తూచి రాసుకోండి. నెల గడిచినా ముల్లు కదలకపోతే ముందు డబ్బా బయట ఎవరు పెడుతున్నారో కనిపెట్టండి! ఎవరూ లేరని తేలితే డాక్టరు కొలత ఇంకాస్త మారుస్తారు. మరీ వేగంగా తగ్గిపోతున్నా, తిండి మీద ధ్యాస లేకపోయినా వెంటనే చూపించాలి.

అనుకున్న బరువు వచ్చేదాకా ఫలితం కనిపించదని దిగులు పడకండి. కీళ్ళ నొప్పులతో కుంటే లావు కుక్కల మీద జరిపిన ఒక పరిశీలన 2010లో వెలువడింది. ఆరు శాతం బరువు తగ్గేసరికే వాటి కుంటు తగ్గడం మొదలైందట. 35 కిలోల కుక్కకు అది రెండు కిలోలే! దీపావళికి మొదలుపెడితే సంక్రాంతి లోపే నడకలో తేడా చూడొచ్చు.

మొదటి రెండు వారాలే కష్టం. భోజనాల వేళ మోకాలి మీద గడ్డం ఆనించి, ఆ కళ్ళేసుకుని చూస్తుంటే ముద్ద దిగదు. ఆ వేళకు ముందే దానికి డబ్బాలోంచి పెట్టేసి, పక్క గదిలో ఒక ఆటవస్తువిచ్చి కూర్చోబెట్టండి. తర్వాత ఎవరో ఒకరు పది నిమిషాలు దాని దగ్గర కూర్చుని దువ్వండి, చెవుల వెనక గోకండి, బంతి విసరండి. కుక్క మన దగ్గరికొచ్చి చూసిన ప్రతిసారీ అన్నం అడుగుతున్నట్టు కాదు. చాలాసార్లు అది మనల్నే అడుగుతుంది. బిస్కెట్ పడేసి పంపించేయడం మనకు తేలిక కాబట్టి అలా అలవాటు చేశాం, అంతే.

నడుము కాస్త కనిపించేసరికి చుట్టాలు 'అయ్యో, చిక్కిపోయిందే! సరిగ్గా పెట్టడం లేదా?' అంటారు. నొచ్చుకోకండి. ఆ మాట విన్న రోజున కాటా మీద అంకె చూసుకుని, గొలుసు చేతికి తీసుకుని షికారుకు బయల్దేరండి. ఈసారి గేటు దగ్గర ముందుగా నిలబడేది మీరు కాదు, అదే!